గొంతుకు ఒక్కపొద్దు

మా చెల్లె సరోజ మొన్నామధ్య కోహీర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి దిగింది. మంచినీళ్లు చేతికిచ్చానో లేదో, "అక్కా, అయోడిన్ లేని ఉప్పు ఏడ దొరుకుతది?" అని అడిగింది. దాని మెడకు అడ్డంగా ఆపరేషన్ గీత ఇంకా ఎర్రగానే ఉంది. థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ దవాఖానలో గ్రంథి మొత్తం తీసేశారు. ఎక్కడైనా నాలుగు కణాలు మిగిలి ఉంటే వాటి పని పట్టడానికి రేడియో అయోడిన్ అనే మందు తాగాలన్నారు. ఆ మందుకు ముందు కొన్నాళ్లపాటు ఒంటికి మామూలు అయోడిన్ అందకూడదట. మిగిలిన కణాలు దానికోసం నకనకలాడుతూ ఉండాలి, అప్పుడు మందు ఇస్తే ఆవురావురుమని పీల్చుకుంటాయి, ఆ పీల్చుకున్నదే వాటిని చంపుతుందని డాక్టరమ్మ చెప్పిందట. "అంటే గొంతుకు ఒక్కపొద్దు పెట్టుమంటున్నరు," అంది సరోజ. నవ్వుతూనే అంది కానీ నీళ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టేసింది.

దాన్ని ఇంట్లో కూర్చోబెట్టి బజారుకు పోయాను. జహీరాబాద్‌లో ఏది కావాలన్నా దొరుకుతుందని నాకు కొంచెం మిడిసిపాటు. నాలుగు దుకాణాలు తిరిగితే అది దిగిపోయింది. పొడి ఉప్పులో అయోడిన్, గళ్ల ఉప్పులో అయోడిన్, ప్యాకెట్ మీద నవ్వుతున్న పిల్ల బొమ్మ పక్కన అయోడిన్. "అందరు ఉన్నది కావాల్నని కొట్లాడుతరు, నువ్వు లేనిది కావాల్నంటవేందమ్మా," అని దుకాణపాయన నన్ను వింతగా చూశాడు. చివరికి ఒక ముసలి కిరాణాదారు లోపలి గదిలోంచి సైంధవ లవణం రాళ్లు తెచ్చి ఇచ్చాడు. మార్వాడీ ఆడవాళ్లు ఉపవాసాలకు కొంటారట. ఇంటికొచ్చి వాటిని రోట్లో వేసి దంచుతుంటే, చేయి దంచుతూనే ఉంది, మనసు మాత్రం లక్ష్మత్త దగ్గరికి పోయింది. ఆమె ఉండి ఉంటే ఈ ఉప్పు చూసి, "ఇగ ఇప్పుడు తెలివొచ్చిందానె మీకు?" అనేది.

లక్ష్మత్త మా బాపుకు అక్క. పెళ్లైన కొన్నేళ్లకే మామ పోతే పుట్టింటికి వచ్చి, మా అమ్మ చేతిలోంచి వంటింటిని మెల్లగా లాక్కుంది. అమ్మ కూడా సంతోషంగానే వదిలేసింది. బొంబాయి రోడ్డుకు రెండు గల్లీల అవతల మా ఇల్లు. చెరుకు సీజన్ వస్తే లారీల మోతకు గోడ మీద గిన్నెలు కదిలేవి, గల్లీ అంతా పచ్చి చెరుకు వాసన. ఆ మోత కంటే ముందే అత్త చేతుల కింద జొన్నరొట్టె చప్పుడు మొదలయ్యేది. వేడినీళ్లు పోసిన జొన్నపిండి వాసన, పెనం మీద మాడిన అంచు వాసన, పక్కన కుసుమనూనెలో తిరగమోత. వీటితోనే మాకు తెల్లారేది. ఆమె ఉప్పు కొలిచి వేయడం నేనెన్నడూ చూడలేదు. నల్లని జాడీలోకి చేయి పెట్టి, ఇంకెటో చూస్తూ, ఎవరినో తిడుతూ కూరలోకి విసిరేది. దొడ్డుప్పు, అంటే అప్పటి గళ్ల ఉప్పు. వానాకాలం వస్తే చెమ్మగిల్లి జాడీ అడుగున నీళ్లూరేది, ఆ నీళ్లను కూడా పారబోయకుండా మామిడికాయ ముక్కల మీద చల్లేది. దీపాలు పెట్టిన తర్వాత పక్కింటి వాళ్లు ఎంత బతిమాలినా ఆ జాడీ మూత మాత్రం తీసేది కాదు.

అత్త గొంతు ముందర ఒక వాపు ఉండేది. మొదట నిమ్మకాయంత ఉండేదట, నాకు ఊహ తెలిసేసరికి జామకాయంత అయింది. దాని మీదికి కొంగు లాక్కోవడం ఆమెకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. దర్గా దగ్గర తాయెత్తు కట్టించుకుంది, పసరు వైద్యం చేయించుకుంది, ఏది చేసినా నెల రోజులు "తగ్గినట్టే ఉంది" అనేది. ఒకసారి దవాఖానకు పోతే డాక్టరు చూసి, ఒంట్లో అయోడిన్ తక్కువైందని, ప్యాకెట్ ఉప్పు వాడమని చెప్పాడు. జిన్నింగ్ మిల్లులో గుమాస్తా అయిన మా బాపు ఆ సాయంత్రమే ప్యాకెట్ కొని తెచ్చాడు. మా ఇంట్లోకి వచ్చిన మొదటి ప్యాకెట్ ఉప్పు అది. తెల్లగా, ఇసుకలాగా జారుతూ ఉంటే నేనూ సరోజా ముచ్చటపడి చూశాం. నేను చదువుకున్నదాన్ని కదా, దాని మీద రాసింది గట్టిగా చదివాను. "అయోడిన్ కలిపిన ఉప్పు."

అదే కొంప ముంచింది. ఆ ముందురోజే సరోజ మెట్ల మీది నుంచి పడి మోకాలు చీరుకుపోతే, కాంపౌండర్ గోధుమరంగు మందు పోశాడు. ఆ మంటకు అది గల్లీ అంతా వినబడేటట్టు ఏడిచింది. సీసా మీద ఉన్న పేరు టింక్చర్ అయోడిన్ అని అత్తకు చదివి చెప్పింది కూడా నేనే. అత్త ప్యాకెట్ వైపు చూసింది, సరోజ మోకాలి వైపు చూసింది. "పుండ్ల మీద పోసే మందు ఉప్పుల కలిపిన్రా? గది కూరల ఏసుకొని తినాల్నా? కడుపుల పేగులు ఏం గావాలె?" అంది. బాపు నచ్చజెప్పాడు, అమ్మ నచ్చజెప్పింది. "మీరు తినుండ్రి, నాకొద్దు," అని ఆ ప్యాకెట్‌ను స్నానాలగదిలో పెట్టింది, పళ్లు తోముకోవడానికి. ఇంటికంతా వండేది ఆమే కాబట్టి మేం కూడా దొడ్డుప్పే తిన్నాం.

మాకు ఎదురింట్లో మొయిన్ సార్ ఉండేవారు. మా బడిలో ఉర్దూ సెక్షన్‌కూ తెలుగు సెక్షన్‌కూ సైన్స్ ఆయనే చెప్పేవారు. ఆయన ఉర్దూ మీడియంలో చదివి వచ్చారు, శాస్త్రమంతా ఆయన తలలో ఉర్దూలోనే ఉండేది. మాకోసం అప్పటికప్పుడు తెలుగు చేసి, అనుమానంగా ఉన్నచోట రెండు మాటలూ కలిపి చెప్పేవారు. "జౌహరీ అదద్, అంటే పరమాణు సంఖ్య," అనేవారు. నాకూ సరోజకూ ఒక్క తరగతే తేడా కాబట్టి సాయంత్రం ఇద్దరం కలిసి ఆయన వాకిట్లో చదువుకునేవాళ్లం. పాన్ వాసన, సుద్దముక్క వాసన, లోపల ఆయన భార్య వేయించే కారం ఘాటు. ఒకరోజు సార్ పరీక్ష పెడితే, పరమాణు సంఖ్య అంటే ఏమిటన్న ప్రశ్నకు సరోజ, "నగల దుకాణం వాళ్లు వేసే నంబరు" అని రాసింది. సార్ కాగితం పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఎవరు చెప్పిన్రు బేటీ?"

"మీరే సార్. జౌహరీ అంటే సరాఫ్ దుకాణపాయన గదా. ఆయన వేసే అదద్."

సార్ నవ్వీ నవ్వీ పాన్ ఉమ్మడానికి లేచిపోవలసి వచ్చింది. తిరిగి వచ్చి, "తప్పే గానీ మంచి తప్పు," అన్నారు. "జౌహర్ అంటే మా ఉర్దూ జబాన్‌ల పరమాణువు. రతనం గూడ. రతనం జూసి ఇది అసలా నకలా అని చెప్పేటోడు జౌహరీ. ఈ నంబర్ గూడ గంతే, ఏ చీజ్, అంటే ఏ పదార్థం, ఏందో అసలు సంగతి చెప్తది. డెబ్బై తొమ్మిది అంటే బంగారం. ఒకటి తక్కువైతే ప్లాటినం. ఒకటి ఎక్కువైతే పాదరసం, చేతుల నిలువది." సరోజ నోరు తెరుచుకుని, "ఒక్కదానికేనా సార్?" అంది. ఆ రోజు ఆయన లోపల్నుంచి చాట తెప్పించారు. చాట నడుమ కందులు, పెసలు కలిపి చిన్న కుప్ప పోశారు, కుప్ప చుట్టూ దూరంగా ఆవాలు చల్లారు. కందులు ప్రోటాన్లు, పెసలు న్యూట్రాన్లు, ఆవాలు ఎలక్ట్రాన్లు. "కందులు ఎన్నుంటే అదే దాని నంబర్. మామూలుగ ఉన్నప్పుడు ఆవాలు గూడ గన్నే ఉంటయి. ఒక ఆవగింజ పోయినా, ఒకటి ఎక్కువొచ్చినా మిజాజ్, అంటే గుణం, మారుతది గానీ పేరు మారదు. పెసలు ఎక్కువ తక్కువైతే బరువు మారుతది, పేరు మారదు. కంది ఒక్కటి మారిందా, ఇగ అది వేరే చీజ్." పెసలు ఎన్నైనా ఉండొచ్చా అని నేను అడిగితే, "ఎన్నైనా ఎట్ల ఉంటయి? మరీ ఎక్కువైతే లోపల పొసగదు. గది పెద్ద క్లాసుల చదువుతవ్ తియ్," అన్నారు.

మాకు కావలసిన ఆయుధం దొరికినట్టు అనిపించింది. అయోడిన్ సంఖ్య యాభై మూడు. ఇంటికి పోయి, అత్త పప్పుకోసం ఏరిపెట్టిన కందుల్లోంచి యాభై మూడు లెక్కపెట్టి చాటలో పోశాం. పెసలకు, ఆవాలకు అంత ఓపిక లేక గుప్పెళ్లతో పోశాం. అత్తను పిలిచి కూర్చోబెట్టి నేను పంతులమ్మలాగా మొదలుపెట్టాను. సీసాలో ఉన్నా యాభై మూడే, ప్యాకెట్‌లో ఉన్నా యాభై మూడే, మనిషి గొంతులో ఉన్నా యాభై మూడే. నంబర్ ఒకటైతే వస్తువు ఒకటే. నీ గొంతు అడిగేది దీన్నే, భయపడకుండా తిను అన్నాను. అత్త అంతా విన్నది. విని, "నంబర్ ఒకటే అయితే సీసల ఉన్నది మండుడేంది, ప్యాకెట్ల ఉన్నది మండకపోవుడేంది?" అంది. నేను చాటలో కందులు మళ్లీ లెక్కపెట్టబోయాను. "పొయ్యి మీ సార్‌కు జెప్పుండ్రి, కందులు పప్పు వండుకునేటందుకని. ఇగ ఇవన్ని ఎవరు ఏర్తరె?" అని చాట ఎత్తుకుపోయింది. మర్నాడు సార్‌ను అడిగితే మంట చాలావరకు స్పిరిట్‌దని, పైగా ఉప్పులో ఉన్న అయోడిన్ వేరేవాటితో జత కట్టి నెమ్మదిగా ఉంటుందని, ఆవగింజల దగ్గర మిజాజ్ మారింది గానీ కందుల దగ్గర ఏమీ మారలేదని చెప్పారు. ఆ మాట తెచ్చి అత్తకు చెప్పాం. ఆమె అప్పటికి ఆ సంగతి ఎత్తితేనే విసుక్కుంటున్నది.

తర్వాత వాపు లోపలికి పెరిగింది. ఊపిరిగొట్టాన్ని ఒత్తి, పడుకుంటే గొంతులో పిల్లికూతలు వచ్చేవి. అత్త గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. సరోజ చిన్నప్పటి నుంచీ ఆమె పక్కలోనే పడుకునేది, కాబట్టి ఆ కూతలన్నీ అదే విన్నది. ఊపిరి ఆగినట్టు అనిపిస్తే వీపు నిమిరేదట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. చివరికి బాపు అత్తను పట్నం తీసుకుపోయాడు. ఆపరేషన్ అయింది గానీ అత్త తిరిగి రాలేదు. ప్యాకెట్ ఉప్పు తిని ఉంటే బతికేదా అని తర్వాత ఒక డాక్టరును అడిగాను. అంత పాతదైన గడ్డ ఉప్పుతో కరగదు అన్నాడాయన. ఆ మాట నాకు ఊరట కావలసింది. కాలేదు. ఈనాటికీ నాకు ఆమె మీద కోపమే. ప్రేమించిన మనిషి మీద వచ్చే కోపం మనిషి పోయినా పోదు, దాన్ని ఎవరికి చూపించాలో తెలియక మనమే మోసుకు తిరుగుతాం.

ఇప్పుడు మా గల్లీలో గొంతు ముందు వాపున్న ఆడవాళ్లు కనబడరు. ఝరాసంగం వైపు పల్లెల్లో కూడా ప్యాకెట్ ఉప్పే. లక్ష్మత్త వేసినట్టు గుప్పిటతో విసిరే చేతులు లేవు, అందరి చేతుల్లోనూ చెంచాలే. మొయిన్ సార్ ఎప్పుడో పోయారు, ఆయన ఇంటి స్థానంలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. సరోజ మనవరాలికి పరమాణువు ఫోన్‌లో రంగురంగుల గోళీలుగా గిరగిర తిరుగుతూ కనబడుతుంది. అది చూసి పిల్ల నాకంటే తొందరగా నేర్చుకుంది, కాదనను. అప్పటి రోజులు మంచివని అనడానికి నాకు నోరు రాదు, ఆ రోజుల్లోనే మా అత్త కూర్చుని నిద్రపోయింది. కానీ అప్పుడు ఏది తెలియకపోయినా ఎదురింటికి పోయి అడిగేదాన్ని. ఇప్పుడు అడగడానికి జనం నా దగ్గరికే వస్తున్నారు, డిగ్రీలో రసాయనశాస్త్రం చదివి కథలు రాసుకుంటూ కూర్చున్న నా దగ్గరికి. ఇది నాకు బొత్తిగా నచ్చడం లేదు.

ఉప్పు దంచి డబ్బాలో పోసి ఇచ్చాక సరోజ అసలు సంగతికి వచ్చింది. మందు తాగనని ఇంట్లో చెప్పేసిందట. పక్కింటామె, అది అణుబాంబులో ఉండేలాంటిది, అందుకే తాగినవాళ్లను గదిలో పెట్టి తాళం వేస్తారని చెప్పిందట. కొడుకూ కోడలూ బతిమాలుతుంటే, ఉప్పు నెపంతో అక్కను అడిగొస్తానని బయల్దేరిందట.

"నువ్వే అన్నవ్ గదక్కా, నంబర్ ఒకటే అయితే చీజ్ ఒకటే అని. మరి ఉప్పుల ఉన్న అయోడిన్ వద్దు, గది తాగు అంటరు. గిదేం అయోడిన్?"

"అదీ యాభై మూడే. కందులు మారలె. పెసలే నాలుగు ఎక్కువ. మామూలు దాంట్ల డెబ్బై నాలుగు, దీంట్ల డెబ్బై ఎనిమిది."

"నాలుగు పెసలకే గింత ఉపద్రవమా?"

అవును, నాలుగు పెసలకే. లోపల పొసగక ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోతుంది, మారుతూ ఒక రేణువును బలంగా విసిరికొడుతుంది. ఆ దెబ్బకే చుట్టుపక్కల కణాలు చస్తాయి. యాభై మూడు కాస్తా యాభై నాలుగు అవుతుంది, అప్పుడు అది అయోడిన్ కూడా కాదు, జెనాన్ అనే వేరే వాయువు. ఇదంతా దానికి చెప్పాను. గొంతు కణం పెసలు లెక్కపెట్టదని, దానికి తెలిసేది అయోడిన్ మిజాజ్ ఒక్కటేనని, ఆ మిజాజ్ యాభై మూడు కందులను బట్టి వస్తుందని, అందుకే తనదే అనుకుని లోపలికి పిలుచుకుంటుందని చెప్పాను. మందు పనిచేసేదే అందుకు అన్నాను. సరోజ మెడ మీది గీతను వేలితో తడుముకుంటూ కూర్చుంది. "అంటే పాపం అది నమ్మి మింగుతది," అంది. ఆ మాట క్యాన్సర్ కణం గురించే అన్నా, చెల్లె ముఖం చూస్తే అలా అనిపించలేదు. "తాగు సరోజా. నువ్వు గూడ గోడకు కూసొని పండుకునుడు నేను జూడలేను," అన్నాను. ఆ మాటతోనే ఒప్పుకుంది. నా సైన్స్‌కు కాదు.

ఒక్కపొద్దు రోజులు గడిచాక దవాఖానలో దాన్ని మందమైన తలుపున్న గదిలో ఉంచారు. మమ్మల్ని పైఅంతస్తు నుంచి కిందికి పంపించేశారు. కాసేపటికి ఫోన్ చేసింది. "తాగిన అక్కా. నీళ్ల లెక్కనే ఉంది. సీసం డబ్బాల పెట్టుకొని తెచ్చిన్రు, నా ముందర పెట్టి దూరం జరిగిన్రు. వాళ్లు గంత దూరం జరిగేదాన్ని నేను సన్న గొట్టంతోని పీల్చుకొని తాగిన," అంది. ఫికర్ చేయకు, ఏం కాదు అన్నాను. ఆ మాట ఎంత పనికిరానిదో అంటున్నప్పుడే తెలుస్తోంది.

బయటికి పంపేముందు స్కాన్ తీశారు. మందు ఎక్కడెక్కడ చేరిందో అందులో నల్లగా కనబడుతుంది. గొంతు దగ్గర ఉంటుందని ముందే చెప్పారు, ఉంది. ఛాతీలో కూడా రెండువైపులా చిన్నచిన్న చుక్కలు ఉన్నాయి. డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడింది. మందును పీల్చుకున్నాయి కాబట్టి ఇది పనిచేస్తుందన్న ఆశ ఉంది, కొన్ని నెలలాగి మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు అంది. కొన్నాళ్లు మనుషులకు దూరంగా ఉండాలి, పసిపిల్లలను అసలే దగ్గరికి రానివ్వకూడదు అంది. తిరుగు ప్రయాణంలో సరోజను కారు వెనక సీట్లో ఆ మూలకు కూర్చోబెట్టి, నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. కారు సంగారెడ్డి దాటింది.

"ఛాతిల గూడ కనబడ్డయి గదా," అంది వెనక నుంచి.

"కనబడ్డయంటే మందు ఆడిదాక పోయినట్టే."

"నువ్వు సగమే చెప్తున్నవ్. అయోడిన్‌ను గుర్తువట్టే కణాలు గొంతులనే ఉండాలె గదక్కా. ఛాతిల ఎందుకున్నయి? గొంతుల నుంచి పోయినయే గదా."

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. అద్దంలో అది నన్నే చూస్తోంది. "పోయినయే," అన్నాను. అన్న తర్వాత భయమేసింది, ఇంత భయం నాకు అత్తను పట్నం తీసుకుపోయిన రోజు కూడా వేయలేదు. సరోజ కిటికీలోంచి చెరుకు తోటల వైపు ముఖం తిప్పుకుంది.

"మళ్ల తాగుమంటే తాగుత," అంది. "గాని ఈసారి నువ్వు తలుపవతల కూసో. లోపలికి రానియ్యరని తెలుసు. అవతల ఉన్నవని తెలిస్తే సాలు."

"అక్కడ కూసోనియ్యకుంటే మెట్ల మీద కూసుంట," అని వెనక్కి తిరిగి చేయి చాపాను. చెల్లె ఆ చేతిని చూసి, తన చేయి కొంగు కిందికి లాక్కుంది.

"ఇప్పుడు కాదక్కా," అంది.